నాలుగో ముడి

కాన్వెంట్ పాఠశాల, ప్రెస్టన్
6 డిసెంబరు 1903

ప్రియమైన అక్కా,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన రొట్టె రైల్లో తినబుద్ధి కాక ఎదుటి సీట్లో ముసలమ్మకు ఇచ్చేశాను. మదర్ ఇగ్నేషియస్ నన్ను చూసి, "మీ నాన్నగారి కోసం తొమ్మిది రోజుల ప్రార్థన పెట్టించాను" అన్నారు. అంతకు మించి ఏమీ అడగలేదు. ఆవిడలో నాకు నచ్చేది అదే.

మొన్న తరగతిలో ఎవరో పిల్ల ఇంటి నుంచి పత్రిక తెచ్చింది. అందులో నాన్న మరణ విచారణ వార్త ఉంది. "శాండ్‌పైపర్ పడవ రెండు రీఫులతో వస్తుండగా పెనుగాలికి తెరచాప చిరిగి, చాప అడుగున కట్టిన దూలం తగలడంతో పడవలో రెండోవాడైన మేట్ మథియాస్ గోర్నల్ నీళ్ళలో పడి మరణించాడని పడవ నడిపే స్కిప్పర్ లారెన్స్ కార్ట్‌మెల్ ప్రమాణం చేసి చెప్పారు" అని. రీఫు అంటే ఏమిటి టీచర్ అని పిల్లలు అడిగారు. నిఘంటువు తీసి చదివాను: నీటి అడుగున దాగి ఉండే రాతి గట్టు. వెనక బెంచీలో మన ఊరి పిల్ల ఒకతి పక్కున నవ్వింది. "రెండు రాతి గట్లు కట్టుకుని ఎవరైనా పడవ నడుపుతారా టీచర్?" అంది. అందరూ నవ్వారు. నేను నల్లబల్ల వైపు తిరిగి, తుడిచిందే మళ్ళీ తుడిచాను.

జాలరి కూతురిని. నాకే తెలియదు. మనిద్దరినీ నాన్న ఎప్పుడూ పడవ ఎక్కనివ్వలేదు కదా. నువ్వు తెరచాపలు కుట్టే కొట్టులో పని చేసి నేర్చుకున్నావు. నేను పుస్తకాల దగ్గరే ఉండిపోయాను. రీఫు అంటే ఏమిటో సరిగ్గా రాయి. నాన్న చివరి క్షణంలో ఏం జరిగిందో నాకు బొమ్మ కట్టినట్టు తెలియాలి.

నీ చెల్లి,
విన్నీ


ఫ్లీట్‌వుడ్
13 డిసెంబరు 1903

విన్నీ,

రొట్టె ఎవరికో ఇచ్చానని రాయకపోతే ఏం? వెన్న రాసి మరీ కట్టాను.

నిఘంటువు మూసేయ్. రీఫు అంటే, గాలి ఎక్కువైనప్పుడు తెరచాప అడుగుభాగాన్ని దుప్పటి మడిచినట్టు మడిచి కట్టేయడం. తెరచాపకు అడ్డంగా వరసగా కన్నాలుంటాయి. ఒక్కో కన్నంలో మూరెడు తాడు వేలాడుతుంది. చాప దించి, మడిచి, ఆ తాళ్ళతో ముళ్ళు వేస్తే చాప చిన్నదవుతుంది. అది ఒక రీఫు. ఇంకో వరస కడితే రెండు. గాలి తగ్గాక ముళ్ళు విప్పి చాప మళ్ళీ పైకి లాగుతారు.

ఇక్కడ ఆ మాట అన్నిటికీ వాడతారు. మా కొట్టు యజమాని హెస్కెత్ వాళ్ళావిడ గొంతు పెంచితే ఆయన "ఒక రీఫు కట్టు తల్లీ" అంటాడు. అత్తయ్య ఇచ్చిన నల్ల గౌను నాకు వదులైతే నడుం దగ్గర రెండు రీఫులు వేశాను.

శాండ్‌పైపర్ చాప మా కొట్టుకే వచ్చింది. హెస్కెత్ వేరేవాళ్ళకు ఇవ్వబోతే నేనే కుడతానన్నాను. "వద్దమ్మా, మీ నాన్న దాని కిందే..." అన్నాడు. "అందుకే" అన్నాను. నాలుగు రోజులు పట్టింది. కింది వరసలో నాలుగో కన్నం దగ్గర మొదలై పైకి నిలువునా చిరిగింది. ఇప్పుడు అక్కడ ఎంత వెతికినా కుట్టు కనపడదు.

లారెన్స్ రోజూ సాయంత్రం వచ్చి బొగ్గు తెచ్చి పెట్టి పోతున్నాడు. ఎక్కువ మాట్లాడడు.

అగాథా


ప్రెస్టన్
10 జనవరి 1904

ప్రియమైన అక్కా,

పండుగకు రాలేనందుకు క్షమించు. జ్వరం తగ్గింది.

ఊరి గ్రంథాలయంలో పడవ నడపడం గురించి ఒక పుస్తకం దొరికింది. పేజీ అంచుల్లో ఎవరిదో తారు వేలిముద్ర ఉంది. నువ్వు చెప్పినదంతా బొమ్మలతో సహా ఉంది. ఆ బొమ్మల కింద ఒక హెచ్చరిక కూడా ఉంది. రీఫు విప్పేటప్పుడు ఒక్క ముడి మరచిపోయి చాపను పైకి లాగితే, బరువంతా ఆ ఒక్క తాడు మీద పడి సరిగ్గా ఆ కన్నం దగ్గరే చాప నిలువునా చిరుగుతుందట. గాలికి చిరిగితే అంచు నుంచో కుట్టు వెంబడో చిరుగుతుందట.

నాలుగో కన్నం అని నువ్వే రాశావు.

రీఫు విప్పకుండా ఉన్న చాప అలా చిరగదు కదా అక్కా? మరి లారెన్స్ రెండు రీఫులతోనే వస్తున్నామని బైబిలు మీద చెయ్యి పెట్టి ఎలా చెప్పాడు? పెనుగాలి ఉంటే రీఫు ఎవరైనా ఎందుకు విప్పుతారు? మిగతా పడవల కంటే ముందు రేవు చేరాలని విప్పించాడా?

నువ్వు ముప్పై ఆకులు దాటిన పుస్తకం చదివినదానివి కావు. కానీ చాప చూస్తే చాలు, దానికి ఏమైందో చెప్పగలవు. నాలుగు రోజులు దాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చున్నావు. నీకు తెలియలేదా?

విన్నీ


ఫ్లీట్‌వుడ్
24 జనవరి 1904

విన్నీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి పొయ్యిలో వేశాను. ఒక పుస్తకం, దాని మీద ఎవడిదో తారు వేలిముద్ర. దాంతో నువ్వు స్కిప్పర్లకు పాఠం చెప్పేదానివయ్యావు. చాపలు ఎన్ని రకాలుగానైనా చిరుగుతాయి. పాత గుడ్డ, ఉప్పు, ఎండ. నేను పదమూడేళ్ళుగా కుడుతున్నాను.

జరిగినది దైవనిర్ణయం. మిగిలినవారు గతాన్ని విడిచి ముందుకు సాగవలసి ఉంటుంది.

ఇంకో సంగతి. లారెన్స్ నన్ను అడిగాడు. నేను సరే అన్నాను. ఉపవాస దినాల్లో పెళ్ళి చేయరు కాబట్టి ఈస్టరు తర్వాతి మంగళవారం ఖాయం చేశాం. ముందు నీకే చెబుతున్నాను. ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చాయి, తొందరపడ్డానని ఎవరూ అనలేరు. నువ్వు సంతోషిస్తావని అనుకోవడం లేదు. కానీ రా.

అగాథా


ప్రెస్టన్
7 ఫిబ్రవరి 1904

అక్కా,

నువ్వు పుట్టాక ఎప్పుడైనా "దైవనిర్ణయం" అన్నావా? అమ్మ పోయినప్పుడు "దేవుడికి బుద్ధి లేదు" అని ఫాదర్ ముఖం మీదే అన్నావు. ఆ రెండు వాక్యాలు నీవి కావు. రాస్తున్నప్పుడు అతను పక్కన కూర్చున్నాడా? ఇది కూడా అతను చదువుతాడా? చదివితే చదవనీ.

నిన్న బజార్లో జెమ్ విగ్నల్ కనిపించాడు. శాండ్‌పైపర్‌లో మూడో మనిషి, నీకు తెలుసుగా. తమ్ముడి ఇంటికి వచ్చాడట, అప్పటికే కొంచెం పుచ్చుకుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి టోపీ తీశాడు. దారిలో మగవాళ్ళతో నేను మాట్లాడనని నీకు తెలుసు. నిన్న మాట్లాడాను.

"ఆ రోజు గాలి బాగా ఉందా?" అని అడిగాను.

"గాలా? తెల్లారేసరికి పడిపోయిందమ్మడూ. చాప విప్పి మరీ..." అని ఆగాడు. "అబ్బే, విప్పలేదు. రెండు రీఫులు. కోర్టులో అదే చెప్పా."

"ఏది నిజం?"

"కోర్టులో చెప్పిందే నిజం. నేను కింద టీ కాస్తున్నా. నాకేం తెలుసు? దూలం చప్పుడు విని పైకొచ్చేసరికి మీ నాన్న లేడు. స్కిప్పరు బూట్లతోనే దూకబోతుంటే పట్టుకుని ఆపా."

"విప్పమన్నది ఎవరు?"

"నువ్వు మేష్టరమ్మవా, జడ్జీవా? ఇంటికెళ్ళి మీ అక్కనడుగు. దానికి నాకంటే ఎక్కువే తెలుసు."

అందుకే అడుగుతున్నాను. నీకేం తెలుసు? విచారణాధికారి ఇక్కడే ఉంటాడు. అతనికి ఒక ఉత్తరం రాశాను: గాలి లేదని, రీఫు విప్పారని, స్కిప్పర్ అబద్ధపు ప్రమాణం చేశాడని. అది నా పెట్టెలో ఉంది. ఉపవాస దినాలు మొదలయ్యే బూడిద బుధవారం, పదిహేడో తేదీ దాకా ఆగుతాను. ఆ లోపల నువ్వు నిజం రాయి. నాన్నను చంపిన మనిషి బొగ్గు తెస్తే నువ్వు పొయ్యి వెలిగించుకుంటున్నావని నమ్మడం నాకు చేతకావడం లేదు.

విన్నీ


ఫ్లీట్‌వుడ్
14 ఫిబ్రవరి 1904

విన్నీ,

లారెన్స్ పక్కన లేడు. ఆ రెండు వాక్యాలు నావే, ఫాదర్ ప్రసంగంలోంచి ఎత్తి రాశాను. సొంత మాటలు రాయబోతే నిజం బయటికి వచ్చేస్తుందని భయపడ్డాను. ఇప్పుడు రాస్తున్నాను.

మన పడవల్లో రీఫు విప్పడానికి ఒక పద్ధతి ఉంది. ఏ పుస్తకంలోనూ ఉండదు. తెరచాప కట్టే నిలువు కొయ్య నుంచి సగం దాకా ముళ్ళు మేట్‌వి. అక్కడి నుంచి చివరిదాకా మూడో మనిషివి. స్కిప్పర్ చుక్కాని వదలడు. ఎవరి సగం వాళ్ళు విప్పి "అయింది" అని కేక వేస్తారు. కేక విన్నాక చాప లాగుతారు. మేట్ "అయింది" అన్నాక ఇంకెవరూ వెళ్ళి చూడకూడదు. చూస్తే అతని ముఖం మీద ఉమ్మేసినట్టే. ముడి వదిలినవాడు అని పేరు పడితే ఈ ఊళ్ళో మళ్ళీ ఎవరూ పడవ ఎక్కించుకోరు. చచ్చాక కూడా ఆ పేరు పోదు.

నాలుగో కన్నం తెరచాప కొయ్య వైపు నుంచి నాలుగోది. నాన్న సగంలోది.

నాన్నకు చూపు పోతూ వచ్చింది విన్నీ. చనిపోయేనాటికి ఏడాదిన్నర అయింది. మధ్యలో మసక, అంచుల్లో మాత్రం కనపడేది. మనిషిని చూడాలంటే తల పక్కకు తిప్పేవాడు. నాకొక్కదానికే చెప్పాడు. పడవ దిగమని బతిమాలాను. "దిగితే ఏం చెయ్యనే, నీ కొట్టులో సూదికి దారం ఎక్కించనా? అదీ కనపడదు" అన్నాడు. లారెన్స్ అప్పటికే కొత్త మేట్‌ను చూసుకున్నాడు. నేను వెళ్ళి నాన్నను దించొద్దని వేడుకున్నాను. విన్నావా? అతను వద్దన్నాడు, నేను బతిమాలి ఒప్పించాను.

అప్పటి నుంచి రీఫు విప్పిన ప్రతిసారీ లారెన్స్ చుక్కాని ఒక్క క్షణం కట్టేసి, తాడు సర్దుతున్నట్టు నటిస్తూ వెళ్ళి నాన్న ముళ్ళన్నీ తడిమి వచ్చేవాడు. నాన్న పోవడానికి ముందురోజు జెమ్ అది చూశాడు. "ఏం స్కిప్పరూ, ముసలాయన ముళ్ళు లెక్కపెడుతున్నావా?" అని నవ్వాడు. నాన్న విన్నాడు. రాత్రంతా ఎవరితోనూ మాట్లాడలేదట. తెల్లారి గాలి తగ్గింది. అందరూ విప్పే గాలే, తొందర ఏమీ లేదు. జెమ్ తన సగం విప్పి టీ కాయడానికి కిందికి వెళ్ళాడు. నాన్న "అయింది" అని తనే చాప లాగాడు. లారెన్స్ చుక్కాని దగ్గరే ఉండిపోయాడు. ఆ ఒక్క రోజు, ఆయన మర్యాద కాపాడాలని.

చాప కొట్టుకు వచ్చేసరికి ఆ నాలుగో తాడు ముడితోనే ఉంది. హెస్కెత్ చూసేలోపు నేనే కోసి పొయ్యిలో పడేశాను. కొత్త తాడు కుట్టాను. లారెన్స్ తన కోసం అబద్ధం చెప్పలేదు. నాన్న పేరు కోసం చెప్పాడు. నా కోసం చెప్పాడు.

ఇప్పుడు నీ పెట్టెలో ఉన్న ఆ కాగితం చించెయ్.

అగాథా


ప్రెస్టన్
16 ఫిబ్రవరి 1904

అక్కా,

ఆ కాగితం నా పెట్టెలో లేదు. నీకు రాసిన మర్నాడే పోస్టు చేశాను. బుధవారం దాకా ఆగుతానని అబద్ధం చెప్పాను. నువ్వు ఏదో ఒకటి రాసి నన్ను ఆపేస్తావని భయం వేసింది. నిన్న మధ్యాహ్నమే అధికారి నుంచి జవాబు వచ్చింది. ఈ నెల ఇరవై ఆరున లారెన్స్‌ను ప్రెస్టన్‌కు పిలిపిస్తున్నారు.

ఇంకోటి కూడా చెప్పాలి. ఇది రాయడానికి మూడు కాగితాలు పాడుచేశాను.

నాన్న కళ్ళ సంగతి నాకు తెలుసు. ఆగస్టులో నేను ఇంటికి వచ్చినప్పుడు, నువ్వు కొట్టుకు వెళ్ళాక, పత్రిక నా చేతిలో పెట్టి చదవమన్నాడు. కళ్ళద్దాలు ఏవీ అంటే నవ్వాడు. "అద్దాలకు అందేది కాదులే. అక్కకు చెప్పకు, బెంగపెట్టుకుంటుంది" అన్నాడు. ఒట్టు వేయించుకున్నాడు. నీకేమో నాకు చెప్పొద్దన్నాడు కాబోలు.

నేను ఒట్టు నిలబెట్టుకున్నాను. మంచి కూతురిననుకుని వచ్చేశాను. విచారణ వార్త చదివిన రోజు నాకు మొదట వచ్చిన ఆలోచన అదే: ఆయనకు దూలం కనపడలేదేమో, నేను చెప్పి ఉంటే బతికేవాడేమో. ఆ ఆలోచన రెండోసారి రాకుండా లారెన్స్‌ను వెతికి పట్టుకున్నాను. అతను దోషి అయితే నేను కాను కదా.

అధికారికి రాసిన ఉత్తరంలో నాన్న కళ్ళ గురించి ఒక్క ముక్క రాయలేదు. ఇరవై ఆరున నేను కూడా వెళ్తాను. నలుగురిలో నా గొంతు లేవదని నీకు తెలుసు. అయినా వెళ్తాను. నిజం చెబితే నాన్నకు ముడి వదిలినవాడని పేరు పడుతుంది. చెప్పకపోతే లారెన్స్ జైలుకు వెళ్ళవచ్చు. నీకు ఏది ఇష్టమో రాయి. రాయకపోతే నేనే తేల్చుకోవాలి.

విన్నీ


ప్రెస్టన్
28 ఫిబ్రవరి 1904

అక్కా,

నీ జవాబు రాలేదు. లారెన్స్ నీకు అంతా చెప్పే ఉంటాడు. చెప్పకుండా ఏమైనా దాచి ఉంటాడని ఇది రాస్తున్నాను.

చిన్న గది. అధికారి, గుమాస్తా, లారెన్స్, నేను. లారెన్స్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కోపంగా చూస్తాడనుకున్నాను. "రైల్లో చలిగా ఉంది. మీ అక్క నీకు ఈ శాలువా పంపింది" అన్నాడు. నీ పాత బూడిదరంగు శాలువా.

అధికారి నా రెండు ఉత్తరాలూ బల్ల మీద పెట్టాడు. రెండోది ముందురోజు పంపాను. "ఒకదానిలో ఈయన దోషి అన్నావు. ఇంకోదానిలో కాదంటున్నావు. ఏది నమ్మమంటావు?"

"మొదటిది నాకు సగమే తెలిసినప్పుడు రాసిందండి."

"గట్టిగా చెప్పమ్మా, గుమాస్తా రాసుకోవాలి."

మళ్ళీ చెప్పాను. అధికారి లారెన్స్ వైపు తిరిగి, "మేట్‌కు చూపు లేదంటోంది. నిజమేనా?" అన్నాడు.

"మథియాస్ చూపు భేషుగ్గా ఉండేదండి. ఈ తీరంలో అంత కంటిచూపు ఉన్నవాడు లేడు" అన్నాడు లారెన్స్. రెప్ప కూడా వెయ్యలేదు.

అప్పుడు నా గొంతు లేచింది. ఎలా లేచిందో తెలియదు. "ఆపండి. నాన్న నాకు తన నోటితో చెప్పాడు. ఆగస్టులో. ఆయన చూడలేడని నాకు తెలుసు, అక్కకు తెలుసు, మీకు తెలుసు. తెలియనట్టు నటించి ముగ్గురం ఆయన్ను పడవ ఎక్కించాం" అన్నాను.

లారెన్స్ కుర్చీలో కూలబడి టోపీతో ముఖం కప్పుకున్నాడు. టోపీ వెనక నుంచే, "నేను వెళ్ళి తడమాల్సింది. ఆ ఒక్క రోజు తడమాల్సింది" అన్నాడు. ఆ తర్వాత అన్నీ చెప్పాడు. నువ్వు బతిమాలిన సంగతి మాత్రం చెప్పలేదు. అది నేనూ చెప్పలేదు.

ఇప్పుడు దాచినది అదొక్కటే.

విన్నీ


ఫ్లీట్‌వుడ్
20 మార్చి 1904

విన్నీ,

ఇన్నాళ్ళూ రాయకపోవడం కావాలనే. నీ మీద కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు. అయినా రాస్తున్నాను.

అధికారి లారెన్స్‌ను మందలించి వదిలేశాడు. పడవ యజమాని వదలలేదు. ప్రమాణం తప్పినవాడి చేతిలో పడవ పెట్టనని శాండ్‌పైపర్ లాక్కున్నాడు. లారెన్స్ ఇప్పుడు ఇంకొకడి పడవలో మూడో మనిషి. టీ కాస్తున్నాడు. జెమ్ మాత్రం తన సగంలో ఒక్క ముడీ తను ఏనాడూ వదల్లేదని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు.

నాన్న సంగతి అందరికీ తెలిసింది. మొదటి వారం నేను దారిన వెళ్తుంటే ఆడవాళ్ళు మాటలు ఆపేసేవారు. సోమవారం హెస్కెత్ అందరి ముందూ, "గుడ్డివాడు ఏడాదిన్నర పాటు రీఫులు కట్టి విప్పాడు, ఒక్కటే వదిలాడు. మీలో ఎవరైనా కళ్ళు మూసుకుని ఒక్కరోజు చేసి చూపించండి" అన్నాడు. అది నాన్నను పొగిడినట్టో తిట్టినట్టో నాకింకా తెలియలేదు.

నేను బతిమాలిన సంగతి నిన్న నేనే చెప్పేశాను, కొట్టులో, పనివాళ్ళందరి ముందు. నువ్వూ లారెన్సూ కలిసి నన్ను దాచిపెట్టడం నచ్చలేదు.

పెళ్ళి అదే మంగళవారం. విందు లేదు. టీ, కేకు, అత్తయ్య, అంతే. సాక్షి సంతకం నువ్వే చేయాలని లారెన్స్ అంటున్నాడు. అతనికి నీ మీద కోపం లేదు. అది చూస్తే నాకు ఇంకా మండుతోంది.

ఈస్టరు మర్నాడు పొద్దున రైలుకు రా. స్టేషన్‌కు నేనే వస్తాను. నా దగ్గర ఇంకా దాచినవి ఏమైనా ఉన్నాయేమో ఈ రెండు వారాలూ వెతుక్కుంటాను. నువ్వూ వెతుక్కో. పెళ్ళికి ముందురోజు రాత్రి దీపం పెట్టుకుని కూర్చుని, ఉన్నవన్నీ చెప్పేసుకుందాం. ఏమీ లేకపోతే నిద్రపోదాం.

అక్క,
అగాథా